మాల వేసుకుని ఒక్కసారిగా మందు మానేస్తానంటున్నారు నాన్న. ఆసుపత్రిలో డిటాక్స్ అంటే ఏం చేస్తారు?

కాలవగట్టు_శీను | బుధవారం, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. మాది తెనాలి దగ్గర పల్లెటూరు. మా నాన్నకి 54 ఏళ్లు, రైస్ మిల్లులో గుమస్తా. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ తాగుతారు. ఒకప్పుడు రాత్రి పూట ఒక క్వార్టర్, అంతే. గత మూడేళ్లుగా రోజుకి రెండు క్వార్టర్లు. అందులో ఒక నైంటీ పొద్దున్నే, పళ్లు తోముకోకముందే పడాలి. అది పడకపోతే చేతులు వణికి పద్దుల పుస్తకంలో అంకె వేయలేరు. టీ గ్లాసు రెండు చేతులతో పట్టుకున్నా ఒలికిపోతుందని అమ్మ సగమే పోసి ఇస్తుంది.

వచ్చే సోమవారం అయ్యప్ప మాల వేసుకుంటానని, ఆ రోజు నుంచి చుక్క ముట్టనని అమ్మ చేతిలో చెయ్యేసి ఒట్టు పెట్టారు. అమ్మ సంతోషం ఇంతా అంతా కాదు, నల్ల పంచెలు కూడా కొనేసింది. నాకు మాత్రం టెన్షన్‌గా ఉంది. పోయిన సంక్రాంతికి ఇలాగే మానేశారు. మొదటి రోజు ఒకటే చెమటలు, వాంతులు. రెండో రోజు రాత్రంతా కన్ను మూయలేదు. మూడో రాత్రి గోడ మీద చీమలు పాకుతున్నాయని తుడవడం, ఇంట్లో లేని కోళ్లని అదిలించడం మొదలుపెట్టారు. నన్ను చూసి "ఎవరబ్బాయివి నువ్వు" అన్నారు. గాలి సోకిందని పక్క ఊరి నుంచి మంత్రం వేసే ఆయన్ని పిలిపించాం. ఆఖరికి మామయ్య ఒక క్వార్టర్ తెచ్చి తాగిస్తే తెల్లారేసరికి కాస్త మనుషుల్లో పడ్డారు.

మెడికల్ షాపు అన్న "ఇంట్లో మాన్పించొద్దు, డిటాక్స్‌కి తీసుకెళ్లండి" అంటున్నాడు. నాన్న వినట్లేదు. పిచ్చాసుపత్రిలో పడేస్తారు, మంచానికి కట్టేస్తారు, కరెంటు పెడతారు అంటున్నారు. అక్కడ నిజంగా ఏం చేస్తారు? ఎన్ని రోజులు ఉంచుతారు? చూసినవాళ్లు, చేయించుకున్నవాళ్లు చెప్పండి ప్లీజ్.


వార్డు_సిస్టర్ | బుధవారం, రాత్రి 10:05

శీను తమ్ముడూ, సోమవారం దాకా ఆగకండి. వీలైతే రేపే తీసుకెళ్లండి. డాక్టరు చూసేదాకా నాన్నగారి చేత ఒక్కసారిగా మాత్రం మాన్పించకండి. చెప్పడానికి నాకే బాధగా ఉంది కానీ, ఈ ఒకటి రెండు రోజులు ఆయన రోజూ తాగేది పెరగకూడదు, పూర్తిగా ఆగిపోనూ కూడదు. బండి ఎక్కనివ్వకండి, ఒంటరిగా వదలకండి.

మీరు చెప్పిన చీమలూ కోళ్లూ గాలి చేష్టలు కావు. దాన్ని డెలీరియం ట్రెమెన్స్ అంటారు, వార్డులో మేం డీటీ అంటాం. పన్నెండేళ్లుగా మగవాళ్ల వార్డులో చేస్తున్నాను. దుప్పటి మీద లేని దారాలు ఏరేవాళ్లు, కాళ్ల మీద పాములు దులుపుకునేవాళ్లు... చాలామంది తమ పని తామే చేసుకుంటూ ఉంటారు. ఒక ఆటో డ్రైవరు మంచం మీద కూర్చుని తెల్లవార్లూ హ్యాండిల్ తిప్పాడు. ఒక టైలరు మిషను తొక్కుతూ, నోట్లో దారం తడిపి సూదిలోకి ఎక్కిస్తూనే ఉన్నాడు. తెల్లారి వాళ్లకి ఏదీ గుర్తుండదు. మీ నాన్నగారు ఇంట్లోనే దాన్నుంచి బయటపడ్డారంటే మీ అమ్మగారి పూజాఫలం అనుకోండి. ఒకసారి డీటీ వచ్చిన మనిషికి మళ్లీ వచ్చే అవకాశం ఎక్కువ. మానడం, మళ్లీ మొదలుపెట్టడం, మళ్లీ మానడం, ఇలా జరిగిన కొద్దీ విత్‌డ్రావల్, అంటే మందు ఆపినప్పుడు ఒళ్లు పడే బాధ, ముదురుతుంది.

చివరి గుక్క నుంచి గంటలు లెక్కపెట్టుకోండి. ఆరు గంటలు దాటాక వణుకు, చెమట, వికారం, గుండెదడ మొదలవుతాయి. ఫిట్స్ రావాలంటే ఎక్కువగా మొదటి 48 గంటల్లోనే వస్తాయి. డీటీ మాత్రం రెండో రోజు దాటాక, నాలుగో రోజు లోపు. "రెండు రోజులు గడిచాయి, గండం గట్టెక్కింది" అని ఇంట్లోవాళ్లు కాస్త నడుం వాల్చే వేళకే వస్తుంది అది.


పీజీ_సైకియాట్రీ | బుధవారం, రాత్రి 11:31

సిస్టర్ గారు చెప్పిన దాంట్లో ప్రతి మాటా నిజం. నేను సైకియాట్రీ రెండో సంవత్సరం పీజీని. మాత్రల మోతాదులు ఇక్కడ రాయను. అవి మనిషిని చూసి వేయాల్సినవి.

శీను గారూ, ముందు లెక్క చూడండి. క్వార్టర్ అంటే 180 మిల్లీలీటర్లు. మన దగ్గర విస్కీ, బ్రాందీల్లో ఆల్కహాల్ 42.8 శాతం. అంటే ఒక క్వార్టర్‌లో దాదాపు 60 గ్రాముల శుద్ధమైన ఆల్కహాల్ ఉంటుంది. మీ నాన్నగారి ఒంట్లోకి రోజూ 120 గ్రాములు పోతోంది. ఆల్కహాల్ మెదడుని మత్తులో ఉంచుతుంది కాబట్టి, మెలకువగా ఉండటానికి మెదడు ఎదురు తోస్తూ ఉంటుంది. తలుపుని అవతలి నుంచి ఒకరు తోస్తుంటే మనం ఇవతల భుజం ఆనించి నిలబడతాం చూడండి, అలా. అవతలి మనిషి ఒక్కసారిగా పక్కకి తప్పుకుంటే మనం బోర్లా పడతాం. వణుకు, ఫిట్స్, చీమలు, అన్నీ ఆ పడటమే. డిటాక్స్‌లో మేం చేసేదల్లా తలుపుని చప్పున వదలకుండా, మందు స్థానంలో క్లోర్‌డయాజెపాక్సైడ్ గానీ డయాజెపామ్ గానీ ఇచ్చి, రోజురోజుకీ తగ్గిస్తూ వారం పది రోజుల్లో ఆపేయడం. లివర్ బాగా దెబ్బతిన్నవాళ్లకి లోరాజెపామ్ ఇస్తాం.

ఆ మాత్రల పేర్లు చూసి మెడికల్ షాపులో కొని ఇంట్లో వేయకండి. దానిమీద మందు కూడా తాగితే ఊపిరి ఆగిపోవచ్చు.

ఇంకొకటి, ఇది మన ఊళ్లలో రోజూ జరిగేది. తాగి నీరసపడ్డ మనిషిని ఆర్ఎంపీ దగ్గరికి తీసుకెళ్లి గ్లూకోజు బాటిల్ ఎక్కిస్తారు. ఏళ్ల తరబడి తాగినవాళ్లలో చాలామంది ఒంట్లో బీ1 విటమిన్, అంటే థయమిన్, బాగా తగ్గిపోయి ఉంటుంది. తిండి సరిగా తినరు, తిన్నది ఒంటికి పట్టదు. ఆ స్థితిలో బీ1 లేకుండా గ్లూకోజు మాత్రమే ఎక్కిస్తే, మిగిలి ఉన్న కాస్త బీ1 కూడా ఖర్చయిపోయి వెర్నికే అనే మెదడు జబ్బు రావచ్చు. కళ్లు అటూ ఇటూ సరిగా తిరగవు, నడక తూలుతుంది, మాట తికమకగా ఉంటుంది. ఇంటివాళ్లు "ఇంకా మత్తు దిగలేదు" అనుకుంటారు. ఆలస్యమైతే జ్ఞాపకశక్తి శాశ్వతంగా పోవచ్చు. అందుకే ఆసుపత్రిలో థయమిన్ ఇంజెక్షన్ ముందు పడుతుంది.

కరెంటు పెట్టడం డిటాక్స్‌లో లేదు. నాన్నగారికి ఆ మాట ధైర్యంగా చెప్పండి.


ఏడో_కార్తీకం | గురువారం, ఉదయం 5:48

శీనూ, నేను చేయించుకున్నవాణ్ణి. ఏడేళ్లు దాటింది. ఆర్టీసీ కండక్టర్‌ని. నాన్నకి ఇది చదివి వినిపించు.

నేను ఆసుపత్రికి పోయిన రోజు కూడా పొద్దున్నే తాగే పోయాను. ఎవరూ తిట్టలేదు. ఊదమని ఒక మిషను నోటి దగ్గర పెట్టారు. తర్వాత ప్రశ్నలు. చివరిసారి ఎప్పుడు తాగారు, ఎంత, లేవగానే తాగుతారా, ఎప్పుడైనా ఫిట్స్ వచ్చాయా, నిద్రమాత్రలు వాడతారా, కల్లు, గంజాయి ఉన్నాయా. నేను "రోజూ ఒక క్వార్టర్ సార్" అన్నాను. వెనక నుంచి నా భార్య నెమ్మదిగా "మూడు సార్" అంది. ఆమె మీద నాకు అప్పుడు కోపం వచ్చింది. మాత్రల మోతాదు ఆ అంకెని బట్టే వేస్తారని నాకు తెలియదు. ఇంట్లోవాళ్లు ఒకరు వెంట ఉండి నిజం చెప్పాలి, అది రక్తపరీక్షతో సమానం.

బ్యాగు వెతికి దగ్గు టానిక్కు, షేవింగ్ లోషను తీసి పక్కన పెట్టారు. రక్తం తీశారు. షుగరు, లివరు, కిడ్నీ, సోడియం, పొటాషియం, మెగ్నీషియం చూశారు. ఈసీజీ, కడుపు స్కానింగ్ చేశారు. సెలైన్‌లో విటమిన్లు కలిపితే బాటిలంతా పసుపు నీళ్లలా మారింది. అది చుక్క చుక్క దిగుతుంటే చూస్తూ పడుకున్నాను.

మొదటి రాత్రి చాలా కష్టంగా గడిచింది. దాచడం ఎందుకు? కప్పుకుంటే ఉక్క, తీసేస్తే చలి. బనీను మూడుసార్లు మార్చారు. ప్రతి కొన్ని గంటలకీ ఒక సిస్టర్ వచ్చి రెండు చేతులూ ముందుకి చాచమనేది, వేళ్లు విడదీయమనేది. నా వేళ్లు ఎంత వణుకుతున్నాయో చూసి కాగితం మీద ఏదో అంకె వేసుకునేది. "ఇవాళ ఏం వారం అన్నా? ఇది ఏ ఊరు? ఒంటి మీద ఏమైనా పాకుతున్నట్టుందా? లైటు కళ్లకి గుచ్చుకుంటోందా?" అవే ప్రశ్నలు, రాత్రి రెండింటికి కూడా. నేను విసుక్కునేవాణ్ణి. ఆమె ఒక్కసారి కూడా విసుక్కోలేదు. అంకె పెరిగితే మాత్ర పెంచేవారు.

రెండో రోజు అన్నం ముద్ద నోట్లో పెట్టుకుంటే వాంతి. మూడో రోజు మధ్యాహ్నం సగం ఇడ్లీ నిలిచింది. మూడో రాత్రి బస్సు కిటికీలోంచి ఎవరో పిలుస్తున్నట్టు అనిపించింది, డ్యూటీ డాక్టరు వచ్చి కూర్చున్నారు, ఇంజెక్షన్ చేశారు, నిద్రపోయాను. నాలుగో రోజు నుంచి దిగుతూ వచ్చింది. ఆరో రోజు పేపరు చదివాను. తొమ్మిదో రోజు ఇంటికి పంపారు. నన్ను ఎవరూ కట్టేయలేదు. పక్క మంచం ఆయన డీటీలో సెలైన్ సూది పీకేసి కిటికీ ఎక్కబోతే చేతులకి మెత్తటి గుడ్డ పట్టీలు కట్టారు, రెండు గంటల్లో విప్పేశారు. ఆ రెండు గంటలూ ఒక మనిషి ఆయన పక్కనే కూర్చున్నాడు.


పీజీ_సైకియాట్రీ | గురువారం, ఉదయం 7:20

అన్నా, ఆ అంకెల కాగితం పేరు సీవా స్కేలు. పది అంశాలు చూస్తాం, మొత్తం 67 మార్కులు. వణుకు, చెమట, వికారం, ఆందోళన, తలనొప్పి, కంటికీ చెవికీ చర్మానికీ తోచే భ్రమలు, తికమక, అన్నీ అందులోనే. వణుకు ఎంతో చేతులు చాస్తే గానీ తెలియదు, అందుకే రాత్రి రెండింటికి కూడా లేపుతాం.


పల్నాటి_బాబాయ్ | గురువారం, ఉదయం 10:15

ఇంత హడావుడి ఎందుకబ్బాయ్. మా వైపు మందు మాన్పించే పొడి దొరుకుతుంది. సాంబారులో కలిపి పెడితే ఆయనకే తెలియదు. తాగితే కక్కుకుంటాడు, ఆ దెబ్బకి మానేస్తాడు. మా బావమరిదికి అలాగే చేశాం.


ఇల్లాలు_నెల్లూరు | గురువారం, ఉదయం 10:52

బాబాయ్ గారూ, మీ మీద గౌరవంతోనే చెబుతున్నాను, ఆ పని చేసి నేను పడ్డ బాధ ఇంకే ఆడదీ పడకూడదు. ఎవరో ఇచ్చిన మాత్రలు నూరి మా వారి పెరుగన్నంలో కలిపాను. ఆయనకి తెలియక ఆ సాయంత్రం తాగారు. పది నిమిషాల్లో మొహం దానిమ్మగింజలా ఎర్రబడింది, గుండె చేత్తో పట్టుకుని గుమ్మంలో కూలబడ్డారు, బీపీ పడిపోయింది. ఐసీయూలో రెండు రోజులు ఉన్నారు. ఏం పెట్టావమ్మా అని డాక్టరు అడిగితే చెప్పడానికి నోరు రాలేదు. బతికారు. కానీ ఆ తర్వాత ఏడాది పాటు నా చేతి వంట ముట్టలేదు. హోటల్ నుంచి తెచ్చుకుని తినేవారు.


పీజీ_సైకియాట్రీ | గురువారం, మధ్యాహ్నం 1:40

అమ్మా, అది రాసినందుకు దండం పెడుతున్నాను. ఆ పొడుల్లో చాలాసార్లు ఉండేది డైసల్ఫిరామ్. అది మంచి మందే, మేమూ ఇస్తాం. కానీ మనిషికి అంతా చెప్పి, ఒప్పించి, గుండె, లివరు చూసి, మందు తాగడం ఆపి కనీసం ఒక రోజు గడిచాకే మొదలుపెడతాం. ఆపిన తర్వాత కూడా రెండు వారాల దాకా దాని ప్రభావం ఉండొచ్చు. తెలియకుండా పెడితే ప్రాణం పోవచ్చు. పైగా అది విత్‌డ్రావల్‌కి మందు కానే కాదు. బాబాయ్ గారూ, మీ బావమరిది గారికి గండం తప్పింది. ఇంకెవరికీ చెప్పకండి, దయచేసి.


పల్నాటి_బాబాయ్ | గురువారం, మధ్యాహ్నం 2:30

తెలియక చెప్పానమ్మా. ఇక ఎవరికీ చెప్పను. మా బావమరిది కూడా మూడు నెలల్లో మళ్లీ మొదలెట్టాడు, ఆ సంగతి పైన రాయలేదు. వాణ్ణి కూడా చూపించాలి.


గురుస్వామి_పీఠం | గురువారం, సాయంత్రం 6:10

స్వామి శరణం. ముప్పై ఏళ్లుగా మాలలు వేస్తున్నాను. శీనూ బాబూ, నాన్నగారికి నా మాటగా చెప్పు. కొండకి వెళ్లడానికి తొందర లేదు. మా పీఠంలో ఇంచుమించు ప్రతి ఏడాదీ ఒకరికైనా ఇలా అవుతుంది. మాల వేసుకున్న రెండో రోజు తెల్లవారుజామున చన్నీళ్ల స్నానం చేసి, ఒంటిపూట భోజనంతో, భజనలో కూర్చున్న మనిషి ఉన్నట్టుండి కాళ్లూ చేతులూ కొట్టుకుంటూ పడిపోతాడు. చుట్టూ ఉన్నవాళ్లు స్వామి పూనాడని శరణుఘోష పెంచుతారు. నేనూ ఒకప్పుడు అలాగే అనుకున్నాను. పన్నెండేళ్ల కిందట ఒక తమ్ముడు అలా పడి, మళ్లీ లేవలేదు. ఆ రోజు నుంచి ఎవరు మాల అడిగినా పక్కకి పిలిచి, పొద్దున్నే తాగే అలవాటుందా నాయనా అని అడుగుతున్నాను. ఉంటే డాక్టరు చీటీ తెమ్మంటున్నాను.

ముందు ఆసుపత్రికి వెళ్లమను. బాగై వచ్చాక మాల వేస్తాను, మకరజ్యోతికి వెళ్దాం. దీక్షలో మాత్రలు వేసుకుంటే దోషం లేదు. డాక్టరు రెండు పూటలా తినమంటే తినాలి. కావాలంటే నేనే ఫోన్ చేసి ఆయనతో మాట్లాడతాను.


కాలవగట్టు_శీను | గురువారం, రాత్రి 8:55

గురుస్వామి గారూ, మీ మాటలు నాన్నకి చదివి వినిపించాను. మూడు సార్లు చదివించుకున్నారు. ఏమీ అనలేదు. ఇందాక అన్నం తింటూ "రేపు మిల్లులో చెప్పేసి వస్తా, శనివారం పోదాం" అన్నారు.


ఇందూరు_రజిత | గురువారం, రాత్రి 9:30

శీను తమ్ముడు, మంచి వార్త. మాది నిజామాబాద్ వైపు. ఇక్కడ ఇంకో తీరు ఉన్నది, అది కూడా రాస్తా, వేరేవాళ్లకు పనికొస్తది.

మా బాపు విస్కీ ముట్టేటోడు కాదు, కల్లే. "కల్లు చెట్టు మీది నుంచి వచ్చిందే కదా" అని మేము పట్టించుకోలేదు. 2020 లాక్‌డౌన్‌లో కల్లు దుకాణాలు బంద్ అయినయ్. రెండో నాటికి మనిషి పిచ్చిలేసినట్టు తిరిగిండు, నాలుగో నాడు ఫిట్స్ వచ్చినయ్. అప్పుడు ఎర్రగడ్డ ఆసుపత్రి ముంగట కల్లు లేక, మందు లేక వచ్చినోళ్లే నిండిపోయిండ్రు. డాక్టర్ చెప్పేదాకా మాకు తెల్వదు, మా ఊరి దుకాణంల కల్లుల అల్ప్రాజోలం కలుపుతున్నరని. అది నిద్రమాత్రల మందు. చెట్టు కల్లు తక్కువ, నీళ్లల్ల పొడి కలిపిందే ఎక్కువ అని.

మా బాపుకు పది రోజుల్ల అయిపోలేదు. నిద్రమాత్రలకు అలవాటు పడ్డ మెదడుకు మాత్ర చానా మెల్లగ తగ్గించాలన్నరు. రెండు నెలల దాక ప్రతి వారం కొంచెం కొంచెం తగ్గించిండ్రు. కల్లు తాగేటోళ్లను తీస్కపోయినప్పుడు "కల్లే కదా" అని తేలిక చేయకుండా ఏ దుకాణం, రోజుకు ఎన్ని సీసాలు అని చెప్పుండ్రి.


వాల్తేరు_అమ్మ | శుక్రవారం, ఉదయం 6:02

నాకు అడగడానికి సిగ్గుగా ఉంది. మా అబ్బాయికి 22, ఇంజనీరింగ్ చదువుతున్నాడు. ముందు గంజాయి అన్నారు. మొన్న వాడి చేతుల మీద సూది గుర్తులు చూశాను. టపెంటడాల్ అని నొప్పి మాత్రలట, నీళ్లలో కరిగించి ఎక్కించుకుంటున్నాడు. వాడికి కూడా ఈ డిటాక్స్ ఉంటుందా? మానేస్తే ప్రాణానికి ప్రమాదమా? వాళ్ల నాన్నకి ఇంకా తెలియదు.


పీజీ_సైకియాట్రీ | శుక్రవారం, ఉదయం 8:45

అమ్మా, ఇందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. మీరు చూడగలిగారు, వాడికి ఇంకా దారి ఉంది.

గంజాయి ఒక్కటే అయితే మానేసిన మొదటి వారం కోపం, నిద్రలేమి, ఆకలి చచ్చిపోవడం ఉంటాయి. దానంతటదే తగ్గుతుంది, చాలామందికి అడ్మిషన్ అవసరం రాదు. టపెంటడాల్ అలా కాదు, అది నల్లమందు కుటుంబానిది. ఆపేశాక ఒక రోజులోపే మొదలవుతుంది: ఆగని ఆవలింతలు, కళ్లూ ముక్కూ కారడం, ఒళ్లంతా గగుర్పాటు, పిక్కలు పట్టేయడం, విరేచనాలు. రెండు మూడు రోజులు తీవ్రంగా ఉండి, వారం పది రోజుల్లో దిగుతుంది. ఆరోగ్యంగా ఉన్న కుర్రాడికి ఆ విత్‌డ్రావల్ వల్ల ప్రాణాపాయం తక్కువ. కానీ వాంతులు, విరేచనాలతో ఒంట్లో నీరు తగ్గనివ్వకూడదు. నాలుక కింద పెట్టే బ్యుప్రెనార్ఫిన్ అనే మాత్రతో బాధ చాలా తగ్గుతుంది. ఆ లక్షణాలు కనపడ్డాకే మొదలుపెడతారు, ముందే ఇస్తే బాధ ఒక్కసారిగా పెరుగుతుంది. అందుకే "వాడు అంత బాధపడుతుంటే ఇంకా ఇవ్వరేంటి" అని మీకు అనిపించవచ్చు, కాస్త ఓర్చుకోండి.

మీరు గుర్తుపెట్టుకోవలసింది ఇది. డిటాక్స్ అయ్యాక ఒంటి ఓర్పు తగ్గిపోతుంది. నెల తర్వాత పాత స్నేహితుడు పిలిచి పాత మోతాదే ఎక్కించుకుంటే ఊపిరి ఆగిపోవచ్చు. ఈ అలవాటులో ప్రాణాపాయం బాగా పెరిగేది అక్కడే. కాబట్టి పది రోజుల్లో ఇంటికి తెచ్చేసుకుని అయిపోయింది అనుకోకండి, బ్యుప్రెనార్ఫిన్ నెలల తరబడి కొనసాగించాలని డాక్టరు అంటే "ఇది ఇంకో అలవాటు" అని మాన్పించకండి. సూది పంచుకున్నాడేమో అడిగి హెచ్‌ఐవీ, హెపటైటిస్ బీ, సీ పరీక్షలు చేయించండి.

14416 టెలి మానస్, అంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ నంబరు, 14446 మత్తు విడిపించే జాతీయ హెల్ప్‌లైన్. రెండూ ఉచితం. వాళ్ల నాన్నగారికి ఎలా చెప్పాలో కూడా అక్కడ అడగొచ్చు.


వార్డు_సిస్టర్ | శుక్రవారం, మధ్యాహ్నం 3:18

అమ్మా, మాది విశాఖ కాదు గానీ మీ ఊళ్లోనే చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక ఆసుపత్రి ఉంది. కేజీహెచ్‌లోనూ సైకియాట్రీ విభాగం ఉంది. హైదరాబాద్ వాళ్లకి ఎర్రగడ్డ. అనంతపురం, హిందూపురం వైపు వాళ్లు బెంగళూరు నిమ్హాన్స్‌కి వెళ్తుంటారు, అక్కడ వ్యసనాలకే ఒక విభాగం ఉంది.

ప్రైవేటు సెంటర్లకి వెళ్లేవాళ్లకి ఒక హెచ్చరిక. మా చిన్నాన్న కొడుకుని ఒక సెంటరు వాళ్లు రాత్రి వ్యాను తెచ్చి నలుగురు పట్టుకుని ఎక్కించుకుపోయారు. అక్కడ డాక్టరు లేడు, నర్సు లేదు. హాల్లో చాపల మీద పడుకోబెట్టారు. రెండో రోజు ఫిట్స్ వస్తే నాటకమని కొట్టారట. నెల డబ్బులు ముందే కట్టించుకున్నారు. కట్టే ముందు అడగండి: రాత్రి పూట డ్యూటీ డాక్టరు ఉంటారా? ఆక్సిజన్ ఉందా? ఫిట్స్ వస్తే ఎక్కడికి పంపుతారు? రాష్ట్ర మానసిక ఆరోగ్య అథారిటీ రిజిస్ట్రేషన్ చూపించండి. ఇంటివాళ్లని కలవనివ్వం అంటే అక్కణ్ణుంచి వచ్చేయండి.

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మత్తు అలవాటుతో వచ్చే మానసిక స్థితికి కూడా వర్తిస్తుంది. గొలుసులతో కట్టడం నిషేధం. మనిషి తనంతట తాను చేరితే తనంతట తాను డిశ్చార్జి అడగొచ్చు. నిర్ణయం తీసుకునే స్థితిలో లేకపోతే ఇద్దరు నిపుణులు విడివిడిగా చూశాకే, నామినీ, అంటే ఆ మనిషి తరఫున మాట్లాడే ప్రతినిధి, ద్వారా, 30 రోజుల దాకా ఉంచవచ్చు.


కాలవగట్టు_శీను | ఆదివారం, ఉదయం 11:00

నిన్న చేర్పించాం. పెద్దాసుపత్రి సైకియాట్రీ వార్డు. నాన్న పొద్దున నైంటీ వేసుకునే బయలుదేరారు, ఏడో_కార్తీకం అన్న చెప్పినట్టే ఎవరూ ఏమీ అనలేదు. ఎంత తాగుతారని అడిగితే నాన్నే "రెండు క్వార్టర్లు, పండగలకి మూడు" అన్నారు. సంక్రాంతి నాటి చీమల సంగతి నేను చెప్పాను. అది విని డాక్టరు మేడమ్ నర్సుల గదికి దగ్గరగా ఉన్న మంచం ఇప్పించారు. రాత్రంతా చెమటలే. ఇప్పుడు సెలైన్ పసుపుపచ్చగా దిగుతోంది.


కాలవగట్టు_శీను | మంగళవారం, తెల్లవారుజాము 4:40

నిద్ర పట్టక రాస్తున్నా. ఒంటిగంటకి నాన్న లేచి కూర్చుని మిల్లు బస్తాలు లెక్కపెట్టడం మొదలుపెట్టారు. "నలభై ఒకటి, నలభై రెండు, లారీ ఆపరా" అంటున్నారు. నా గుండె జారిపోయింది. సిస్టర్ గారి టైలరు గుర్తొచ్చాడు. డ్యూటీ డాక్టరు ఐదు నిమిషాల్లో వచ్చారు. లైటు తీసేయకుండా చిన్నగా పెట్టారు. నన్ను ఎదురుగా కూర్చుని నా పేరు, ఊరు, ఇది ఆసుపత్రి అని నెమ్మదిగా చెబుతూ ఉండమన్నారు. ఇంజెక్షన్ చేశారు. బీపీ, జ్వరం గంట గంటకీ చూస్తున్నారు. కట్టలేదు. ఇప్పుడు నిద్రపోతున్నారు. అమ్మ కాళ్ల దగ్గర కూర్చుని ఉంది.


ఏడో_కార్తీకం | మంగళవారం, ఉదయం 5:15

నేను లేచే ఉన్నా శీనూ. ఏ టైమైనా రాయి.


కాలవగట్టు_శీను | శుక్రవారం, సాయంత్రం 5:20

నిన్నటి నుంచి మనిషి తేటపడ్డారు. బస్తాల సంగతి అడిగితే గుర్తు లేదు. ఇవాళ పెసరట్టు తిన్నారు. టీ ఒంటి చేత్తో పట్టుకున్నారు, ఇంకా కొద్దిగా వణుకుతోంది కానీ ఒలకలేదు. అమ్మ చూసి బయటికి వెళ్లిపోయింది.

ఒక సంగతి అడగాలి. ఇంటికి వచ్చాక ఏం చేయాలి? మిల్లు ఎదురుగానే బెల్టు షాపు ఉంది. ఒకటో తారీఖు జీతం.


ఏడో_కార్తీకం | శుక్రవారం, రాత్రి 7:02

ఇది నేను ముందు రాయలేదు. నాకు రెండు డిటాక్సులు. మొదటిసారి ఇంటికి వచ్చిన పదకొండో రోజు తాగాను. ఒళ్లు బాగుందిగా, ఒక్కటే అనుకున్నాను. ఆసుపత్రిలో విషం దిగింది, అలవాటు మాత్రం ఇంట్లో నా కుర్చీలో కూర్చుని ఎదురుచూస్తోంది. రెండోసారి డాక్టరు రాసిన మాత్రలు ఏడాది వాడాను. వారానికి మూడు రోజులు ఏ.ఏ., అంటే ఆల్కహాలిక్స్ అనానిమస్, మందు మానాలనుకునేవాళ్లు కలుసుకునే మీటింగుకి పోయాను, తెలుగులోనే మాట్లాడుకుంటాం, డబ్బు తీసుకోరు. పక్కనే కుటుంబాల వాళ్లకి జరిగే మీటింగుకి నా భార్య వెళ్లేది. రూటు మార్పించుకున్నాను, సాయంత్రం డ్యూటీ అడిగి పుచ్చుకున్నాను, ఎందుకంటే నాకు కాలు గుంజేది సాయంత్రం ఆరింటికి. మీ నాన్నకి ఏ వేళకి గుంజుతుందో అడుగు. ఆ వేళకి పక్కన ఒక మనిషి ఉండేట్టు చూడు. నెలల తరబడి నిద్ర సరిగా పట్టకపోవచ్చు, చిరాకు ఉంటుంది. మానేసి కూడా ఇలా ఉన్నాడేంటి అని అమ్మ బాధపడొద్దని చెప్పు.


పీజీ_సైకియాట్రీ | శుక్రవారం, రాత్రి 10:10

డిశ్చార్జికి ముందు డాక్టరుతో కోరిక తగ్గించే మందుల గురించి మాట్లాడండి. అకాంప్రోసేట్, నాల్ట్రెక్సోన్, లివరు బాగా దెబ్బతింటే బాక్లోఫెన్, ఇలా రకాలున్నాయి. లివరు, కిడ్నీ రిపోర్టులు చూసి ఏది సరిపోతుందో వాళ్లు చెబుతారు. బీ1 మాత్రలు ఇంటికి వచ్చాక కూడా ఆపకండి. ఎప్పుడైనా మళ్లీ తాగడం మొదలుపెడితే, ఇంట్లోనే హఠాత్తుగా మాన్పించకండి, నేరుగా తీసుకెళ్లిపోండి.


కాలవగట్టు_శీను | సోమవారం, మధ్యాహ్నం 2:15

ఇంటికి వచ్చేశాం. దారిలో నాన్నే మిల్లు యజమానికి ఫోన్ చేసి, ఈ నెల నుంచి జీతం అమ్మ ఖాతాలో వేయమన్నారు. గుంజేది ఎప్పుడని అడిగితే చాలాసేపు ఆలోచించి, పొద్దున్నే కాదురా, మధ్యాహ్నం పద్దులు కట్టేశాక అన్నారు. ఆ వేళకి రోజూ నేను మిల్లుకి వెళ్లి ఆయన్ని బండి మీద తీసుకొస్తాను. గురుస్వామి గారు నిన్న ఆసుపత్రికే వచ్చి వెళ్లారు. మాల ముహూర్తం డాక్టరు మేడమ్‌ని అడిగాక చెబుతామన్నాం. వచ్చే మంగళవారం మళ్లీ చూపించాలి.


వార్డు_సిస్టర్ | సోమవారం, మధ్యాహ్నం 2:40

మంగళవారం వెళ్లేటప్పుడు డిశ్చార్జి కాగితం, లివరు రిపోర్టు, మిగిలిన మాత్రల షీట్లు, మూడూ పట్టుకెళ్లు తమ్ముడూ. పరగడుపున రక్తం తీస్తారేమో ముందే ఫోన్ చేసి కనుక్కో. వెళ్లొచ్చాక రాయి.